కాగితం మీద ‘తగిన సమయం’ అంటే ఎన్ని రోజులు?

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఒకే రకం మాటలు పదేపదే కనిపించాయి: ‘సకాలంలో’, ‘వీలైనంత త్వరగా’, ‘తగిన సమయంలో’, ‘సహేతుక కారణం లేకుండా’. రాసుకునేటప్పుడు వీటిని ఎవరూ పట్టించుకోరు. తగువు మొదలయ్యాక మాత్రం అందరి వేలూ అక్కడికే పోతుంది. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది తిప్పర్తి మండలం, నాలుగెకరాల బత్తాయి తోట. చెట్టు మీది కాయను టన్ను లెక్కన ఒక వ్యాపారికి మాట్లాడి లక్ష రూపాయలు బయానా తీసుకున్నాను. ‘సెప్టెంబరు 10 లోపు తెంపుకోవాలి’ అని కాగితం రాసుకున్నాం. ఆయన అక్టోబరు 3న వచ్చాడు. అప్పటికి చాలా కాయ రాలిపోయింది. ఉన్నది తెంపి, తూకం వేసి, డబ్బిచ్చాడు. తీసుకున్నాను. రాలిన కాయ నష్టం ఇప్పుడు అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు గానీ నిలబడటం కష్టం. వ్యాపారి తప్పు స్పష్టంగానే ఉంది. మీ చేతిలో ఉన్న హక్కు మాత్రం తూకం రోజునే జారిపోయింది.

1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 55వ సెక్షన్ దీని గురించే. గడువు ఆ ఒప్పందానికి ప్రాణం లాంటిదైతే, గడువు తప్పినప్పుడు ఎదుటివారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. గడువు అంత ముఖ్యం కాని చోట రద్దు కుదరదు, నష్టపరిహారం మాత్రం అడగవచ్చు. ఈ రెండూ కొందరికైనా తెలుసు. మూడో భాగాన్ని ఎవరూ చదవరు: రద్దు చేసుకునే హక్కు ఉండి కూడా ఆలస్యంగా జరిగిన పనిని స్వీకరిస్తే, ఆ ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోతుంది. స్వీకరించే సమయంలోనే ‘నష్టం అడుగుతాను’ అని చెప్పి ఉంటే మాత్రం పోదు.

బత్తాయి నిలవ ఉండే సరుకు కాదు. పైగా తేదీ రాసుకున్నారు. కాబట్టి మీ ఒప్పందంలో గడువు ప్రాణమేనని వాదించడానికి బలముంది. సెప్టెంబరు 11న మీరు ‘ఒప్పందం రద్దు, ఇంకొకరికి అమ్ముకుంటున్నాను’ అని తెలియజేసి ఉండవచ్చు. అది చేయకపోయినా, తూకం రోజున ఒక్క వాక్యం చాలేది. ‘సెప్టెంబరు 10 లోపు తెంపాల్సిన కాయను అక్టోబరు 3న తెంపుతున్నారు. ఈ ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని అడిగే హక్కు ఉంచుకుంటూ ఈ తూకానికి ఒప్పుకుంటున్నాను’ అని తక్‌పట్టీ (తూకం చీటీ) మీద రాసి, ఫొటో తీసి, వ్యాపారి ఫోనుకు పంపాలి. నోటీసు కాగితం మీదే ఉండాలని ఆ సెక్షన్ అనదు, నోటిమాట కూడా నోటీసే. అందుకే ఆ రోజు మీరు గట్టిగా అభ్యంతరం చెప్పి, హమాలీలో పక్క తోట రైతులో విని ఉంటే, సెప్టెంబరులో ‘రండి, కాయ రాలుతోంది’ అని పంపిన వాట్సాప్ సందేశాలు ఉంటే వాటిని పట్టుకుని లాయరును కలవండి. ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి సందేశాలతో పాటు ఒక ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది.

ఇంకో మాట. రాలిన కాయను కుళ్లనిచ్చి మొత్తం ధర అడిగితే 73వ సెక్షన్ అడ్డొస్తుంది. నష్టం తగ్గించుకోవడానికి చేతనైనది చేశారా అని కోర్టు చూస్తుంది. జ్యూస్ బండ్లకో, తక్కువ ధరకో అమ్మి, ఆ సొమ్ము మినహాయించి మిగతాది అడగాలి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర 2 ఎకరాల 10 గుంటల వ్యవసాయ భూమి, ఎకరం 40 లక్షల చొప్పున కొన్నాం. మొత్తం 90 లక్షల్లో 10 లక్షలు బయానా ఇచ్చాం. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటు. ‘కాలమే ఈ ఒప్పందానికి సారం’ అని ఒక పేరాలో, ‘గడువు దాటితే నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీతో మరో రెండు నెలలు’ అని ఇంకో పేరాలో ఉంది. పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు ఉంది, దాన్ని అమ్మేవారు సరిచేయించి ఇవ్వాలి. అది కాకుండానే ఏడు నెలలు గడిచాయి. ఇప్పుడు ధర పెరిగింది. ‘గడువు దాటింది, అగ్రిమెంటు చెల్లదు, బయానా కూడా రాదు’ అంటున్నారు.

జవాబు: ‘కాలమే సారం’ అనే వాక్యం మన దస్తావేజు లేఖరుల పాత నమూనాల్లో అచ్చుగుద్దినట్టు ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన పని అయిపోదు.

స్థిరాస్తి అమ్మకాల్లో గడువు ప్రాణమని ముందుగానే అనుకోకూడదని 1992లో చాంద్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అయితే రాసుకున్న షరతులు, ఆస్తి స్వభావం, చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి అది ప్రాణమని తేల్చవచ్చు. మీ అగ్రిమెంటు రెండో పేరా మీకు పనికొస్తుంది. జరిమానా కట్టి గడువు పెంచుకునే వీలు అదే పత్రంలో ఉంటే, ‘కాలమే సారం’ అన్న మాట పదును తగ్గుతుందని 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఒక చేత్తో రాసినదాన్ని ఇంకో చేత్తో చెరిపేసుకున్నట్టు.

అంతకన్నా బలమైన వాదన వరుసది. ముందు ఎవరు ఏం చేయాలి? పాసుపుస్తకం సరికాకుండా తహసీల్దారు దగ్గర రిజిస్ట్రేషన్ ముందుకు సాగదు. ఆ పని అమ్మేవారిది. ముందు చేయాల్సినవారు చేయకుండా వెనక చేయాల్సినవారిని తప్పుపట్టడానికి లేదని ఒప్పందాల చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి సవరణకు దరఖాస్తు పెట్టారా, ఎప్పుడు పెట్టారు, అసలు పెట్టలేదా అన్నది మీ కేసుకు వెన్నెముక. రాష్ట్ర భూ రికార్డుల పోర్టళ్లలో, అంటే 2020 అక్టోబరు నుంచి ధరణిలో, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలో ఇలాంటి దరఖాస్తుకు నంబరు, తేదీ ఉంటాయి. ఆ నంబరు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే, అడిగినట్టు ఆధారం ఉంచుకోండి.

ఇంతమాత్రానికి నిశ్చింతగా కూర్చోకండి. భూమి ధరలు ఇట్టే పెరిగే రోజుల్లో కొనేవారు చేతులు ముడుచుకుని ఉండటాన్ని కోర్టులు ఇదివరకటిలా చూసీచూడనట్టు వదలడం లేదు. 1997లో విద్యానాదం కేసులోనూ, 2011లో శారదామణి కేసులోనూ సుప్రీంకోర్టు ఈ సంగతే నొక్కి చెప్పింది. నిర్దిష్ట పరిహార చట్టం 16వ సెక్షన్ ప్రకారం మీరు మొదటి నుంచీ ‘సిద్ధంగా, సుముఖంగా’ ఉన్నట్టు చూపాలి. సిద్ధం అంటే డబ్బు, సుముఖం అంటే నడవడిక. 80 లక్షలు మూటగట్టి చూపనక్కర్లేదు, కోర్టు ఆదేశిస్తే తప్ప జమ కూడా అక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు, లోను మంజూరు పత్రం, వేరే ఆస్తి అమ్మిన కాగితం, ఏదో ఒకటి ఆ ఏడు నెలల్లోని తేదీలతో ఉండాలి. దావా వేయబోయే ముందు వారం ఖాతాలోకి వచ్చిపడిన సొమ్ము ఎవరినీ నమ్మించదు.

ఇప్పుడు చేయాల్సింది: లాయరు ద్వారా నోటీసు. అందులో మిగతా సొమ్ము సిద్ధంగా ఉందని, 15 రోజుల్లో సవరణ పూర్తి చేయించాలని లేదా దరఖాస్తు స్థితి తెలపాలని, ఆ తర్వాత స్లాట్ బుక్ చేసి ఫలానా తేదీన తహసీల్దారు కార్యాలయానికి రావాలని రాయించండి. పోస్టు రసీదు, అందినట్టు సంతకం దాచండి. స్లాట్ దొరికి, ఆ రోజు వారు రాకపోతే మీరు వెళ్లినట్టు ఆధారం ఉంచుకోండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన కాలపరిమితి ఆగదు. తేదీ రాసుకున్న ఒప్పందానికి ఆ తేదీ నుంచి 3 ఏళ్లు, తేదీ లేకపోతే నిరాకరణ తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లు. ‘మొన్ననే మాట్లాడుకున్నాం కదా’ అని చివరి మాటల నుంచి లెక్కేసుకుని దావా పోగొట్టుకున్నవారు ఉంటారు.

బయానా సంగతి: ఎదుటివారి తప్పే ముందుంటే దాన్ని మింగేసే ప్రశ్నే లేదు. మీ తప్పే అయినా ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ కింద దక్కేది సమంజసమైన పరిహారమే, పత్రంలో రాసిన అంకె దానికి పైహద్దు మాత్రమే.

ప్రశ్న: జడ్చర్లలో రెండంతస్తుల ఇల్లు. పని మేస్త్రీకి అడుగు లెక్కన గుత్తకిచ్చాం, సామాను మాది. కాగితంలో ‘వీలైనంత త్వరగా పూర్తి చేయాలి’ అని ఉంది. మొదటి స్లాబు పడి నాలుగు నెలలు. మేస్త్రీ వేరే సైటులో ఉన్నాడు. వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చా?

జవాబు: తేదీ రాయని చోట చట్టమే ఒక తేదీ పెడుతుంది, దాని పేరు ‘సమంజసమైన కాలం’ (ఒప్పందాల చట్టం 46వ సెక్షన్). అది ఎన్ని రోజులన్నది ప్రతి కేసులోనూ వాస్తవాలను బట్టి తేలాల్సిన విషయం అని ఆ సెక్షన్ కిందే రాసి ఉంది. కాబట్టి ‘నాలుగు నెలలు ఎక్కువే’ అనడం చాలదు. లెక్క చూపాలి.

లెక్క ఇలా. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్లాబును మోసే గోడల లేదా దూలాల మధ్య దూరం (స్పాన్) 4.5 మీటర్ల లోపైతే కింది పోట్లు (ఊత కర్రలు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. నీళ్లు పట్టడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు 10. మన ఎండలకు ఇంకొన్ని రోజులు పట్టినా మంచిదే. అంటే స్లాబు పడ్డాక పది పదిహేను రోజుల ఆగుడు న్యాయమైనదే. మిగతా మూడు నెలల చిల్లర ఎందుకు? ఇక్కడ మీ వంతు కూడా లెక్కలోకి వస్తుంది. ఇసుక ఎప్పుడు దించారు, స్టీలు ఎప్పుడు వచ్చింది, బిల్లు ఎప్పుడిచ్చారు? మీ వల్ల ఆగిన రోజులు తీసేయాలి. బిల్లుల తేదీలతో ఒక పేజీ రాసుకోండి. మీ తప్పే ఎక్కువ తేలితే నోటీసు జోలికి పోకుండా మాట్లాడుకోవడం మేలు.

మేస్త్రీదే తప్పని తేలితే మిగిలిన పని జాబితా వేసి, ‘ఫలానా తేదీకల్లా మొదలుపెట్టి, ఫలానా తేదీకల్లా పూర్తి చేయాలి, లేకుంటే ఒప్పందం రద్దు’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. మామూలు గడువును ‘ప్రాణం లాంటి గడువు’గా మార్చే దారి ఇదే. కానీ నోటీసులో ఇచ్చే గడువు కూడా సమంజసంగా ఉండాలి. పై అంతస్తు గోడలు, ప్లాస్టరింగు కలిపి వారంలో చేయమంటే ఆ నోటీసు మీకే ఎదురు తిరుగుతుంది.

గడువు దాటాక ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కోపంతో మర్నాడే కొత్త మేస్త్రీని దింపుతారు. పాత పని ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో ఇక ఎవరూ తేల్చలేరు. ముందు ఒక ఇంజనీరుతో కొలతలు వేయించి, తేదీ ఉన్న వీడియో తీసి, పాత మేస్త్రీకి ఒక ప్రతి పంపి, ఆ తర్వాత కొత్తవారి చేయి పడనివ్వండి. ఇల్లు కట్టడం సేవ కిందికి వస్తుంది కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు, రెండేళ్ల లోపు.

ప్రశ్న: అయిజ మండలం. ఆర్గనైజర్ ద్వారా కంపెనీకి సీడ్ పత్తి వేశాం. ‘జీవోటీ ఫలితాలు వచ్చిన తర్వాత తగిన సమయంలో చెల్లింపు’ అని కాగితం. విత్తనం ఇచ్చి నెలలు గడిచాయి. ఫలితం చెప్పరు, డబ్బివ్వరు. వడ్డీతో సహా అడగవచ్చా?

జవాబు: మీ కాగితంలోని అసలు లోపం ‘తగిన సమయం’ కాదు. ఆ సమయం మొదలయ్యే గడియారం ఎదుటివారి జేబులో ఉండటం. జీవోటీ అంటే నమూనా విత్తనాన్ని నాటి, మొక్కలు పెరిగాక జన్యు స్వచ్ఛత చూసే పరీక్ష. దానికి నెలలు పట్టడం సహజమే. కానీ నమూనా ఎప్పుడు నాటారో, ఫలితం ఎప్పుడు వచ్చిందో మీకు చెప్పకుండా ‘ఇంకా రాలేదు’ అంటూ ఉండటం సమంజసం అనిపించుకోదు. ఆ తేదీలు అడుగుతూ ఆర్గనైజర్‌కు, కంపెనీకి ఇద్దరికీ రాయండి. ఆర్గనైజర్‌కు ఒక్కడికే రాస్తే కంపెనీ తనకు తెలియదంటుంది.

వడ్డీ విషయంలో తేదీ లేకపోవడం నేరుగా జేబుకు చిల్లు. 1978 వడ్డీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఫలానా తేదీన చెల్లించాలని పత్రంలో ఉంటే ఆ తేదీ నుంచి వడ్డీ అడగవచ్చు. అలా లేకపోతే ‘వడ్డీ అడుగుతాను’ అని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అందులో పేర్కొన్న తేదీ నుంచే. అంటే మీరు నోటీసు ఇవ్వని నెలల వడ్డీ గాలికి పోయినట్టే. ఈ వారమే ఇవ్వండి. రేటు కూడా బ్యాంకు డిపాజిట్ల స్థాయిని మించదు. ఎక్కువ కావాలంటే ముందే రాసుకుని ఉండాలి. వచ్చే పంటకు కాగితంలో ఇలా పెట్టించండి: ‘విత్తనం అప్పగించిన తేదీ నుంచి ఇన్ని రోజుల్లోపు జీవోటీ ఫలితం రైతుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే పాసైనట్టే భావించి ఆపై 15 రోజుల్లో చెల్లించాలి.’ నమూనా తీసేటప్పుడు సీలు వేసిన రెండో ప్యాకెట్ మీ దగ్గర ఉంచుకోండి. కంపెనీలు ఈ షరతుకు మూతి ముడుస్తాయి. నలుగురైదుగురు రైతులు కలిసి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

ప్రశ్న: నారాయణపేటలో నేత చీరల యూనిట్. హైదరాబాద్ దుకాణం 90 రోజుల అరువు అని రాయించుకుంది, అదీ దాటిస్తోంది.

జవాబు: మీ యూనిట్‌కు, చిన్న పరిశ్రమలకు కేంద్రమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ‘90 రోజులు’ అన్న రాతకు విలువ లేదు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులు. జూన్ 1న సరుకు స్వీకరిస్తే ఒప్పందం ఉన్నా జులై 16 ఆఖరు. సరుకు అందిన 15 రోజుల్లో కొన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే స్వీకరించినట్టు లెక్క. ‘రంగు తేడా ఉంది’ అని మూడో నెలలో అంటే కుదరదు.

ఆలస్యానికి రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 18 శాతం. లక్ష రూపాయలు ఆరు నెలలు ఆగితే సుమారు 9,344 రూపాయలు. ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. సరుకు పంపేనాటికే ఉద్యమ్ నంబరు ఉండి, అది బిల్లు మీద అచ్చయి ఉంటే వాదన సగం తగ్గుతుంది. రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. దుకాణంవారి ఆడిటరుకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది: గడువులో చెల్లించని ఈ బాకీని, చెల్లించేదాకా, ఆదాయపన్నులో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. మర్యాదగా గుర్తుచేయండి.

ప్రశ్న: ‘10 రోజుల్లోపు’, ‘ఒక నెల’, ‘30 రోజులు’ ఒకటేనా? సెలవు రోజు వస్తే?

జవాబు: కావు. ‘జూన్ 1 నుంచి 10 రోజుల్లోపు’ అంటే మొదటి రోజు వదిలి లెక్కిస్తారు, జూన్ 11 ఆఖరు. నెల అంటే క్యాలెండరు నెల: జనవరి 15 నుంచి ఒక నెల ఫిబ్రవరి 15తో, 30 రోజులు ఫిబ్రవరి 14తో అయిపోతాయి. జనవరి 31 నుంచి నెల అంటే ఫిబ్రవరి ఆఖరు రోజు. మూడు నెలలు, 90 రోజులు ఒకటి కావని 2010లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కోర్టు గడువు సెలవు రోజున ముగిస్తే కోర్టు మళ్లీ తెరిచే రోజున చెల్లుతుంది. ఇద్దరి మధ్య ఒప్పందానికి ఆ వెసులుబాటు దానంతటదే రాదు, రాసుకోవాలి. ‘పని దినాలు’ అని రాస్తే రెండో శనివారం అందులో ఉందో లేదో కూడా రాయండి. రోజు కుదిరినా వేళ ముఖ్యం: ఒప్పందాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం మామూలు వ్యాపార వేళల్లోనే అప్పగించాలి. రాత్రి పదకొండింటికి గోదాం ముందు లారీ ఆపి ‘ఈ రోజే తెచ్చాం’ అంటే చెల్లదు. ‘దసరా నాటికి’, ‘పంట చేతికొచ్చాక’ అని రాసుకునేవాళ్లు పక్కనే ఇంగ్లిషు తేదీ వేయండి.

ప్రశ్న: మిర్యాలగూడలో దుకాణం లీజుకు తీసుకున్నాను. ‘కిరాయిదారు ఇతరులకు ఇవ్వాలంటే యజమాని సమ్మతి కావాలి. సహేతుక కారణం లేకుండా సమ్మతి నిరాకరించరాదు’ అని ఉంది. ముందు భాగం మొబైల్ రిపేరు వాళ్లకు ఇస్తానని రాసి 40 రోజులైంది. జవాబు లేదు. ఇచ్చేయవచ్చా?

జవాబు: వద్దు. మౌనం సమ్మతి కాదు, మీ లీజులో అలా రాసి ఉంటే తప్ప. రాతపూర్వక సమ్మతి లేకుండా ఇతరులకు ఇవ్వడం, అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనాల్లో, ఖాళీ చేయించడానికి ఒక కారణం. యజమాని మొండికేశాడని మీరు తొందరపడితే తగువులో మీరే ముద్దాయి అవుతారు.

సహేతుక కారణం అంటే ఆ ఆస్తికి, వచ్చేవారికి సంబంధించినది: వచ్చేవారి చెల్లింపు శక్తి, చేసే వ్యాపారం వల్ల భవనానికి, పక్కవారికి కలిగే ఇబ్బంది, కరెంటు లోడు. ‘నాకూ నెలకు రెండు వేలు ఇస్తే చూద్దాం’ అనేది ఆ జాబితాలోకి రాదు. కాబట్టి మళ్లీ రాయండి, ఈసారి నిరాకరించడానికి సందు లేకుండా: వచ్చేవారి వివరాలు, వ్యాపారం, ఎన్ని అడుగుల స్థలం, ఎంత కాలం, కిరాయి బాధ్యత మీదేనన్న హామీ. 15 రోజుల్లో సమ్మతి గానీ, కారణాలతో నిరాకరణ గానీ ఇవ్వాలని కోరండి. అప్పటికీ పలకకపోతే కోర్టులో ‘అకారణంగా ఆపారు’ అని చూపడానికి ఆ ఉత్తరమే మీ ఆధారం. లీజు పొడిగించుకునేటప్పుడు ‘15 రోజుల్లో కారణం తెలపకపోతే సమ్మతించినట్టే’ అన్న వాక్యం చేర్పించండి. ‘శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తాను’ అని యజమాని ఎక్కడైనా రాస్తే, మున్సిపాలిటీ అనుమతికో మరోదానికో, ఏ కార్యాలయంలో ఏ దరఖాస్తు ఏ తేదీకి పెడతారో దాని కిందే రాయించండి. ప్రయత్నం చేశారో లేదో అప్పుడు కొలవడానికి వీలవుతుంది.